వంటింటి గట్టుకు బలపపు రాయి: పుట్టుక, రకాలు, మంచిచెడ్డలు

ఇల్లు కట్టుకొనేవారు వంటింటి గట్టుకు రాయిని ఎంచుకొనేటప్పుడు సాధారణంగా రెండు విషయాలే చూస్తారు. ఒకటి రంగు, రెండవది ధర. కాని ఆ రాతి మీదనే చపాతీ పిండి వత్తుతాం, నిమ్మకాయ కోస్తాం, చింతపండు గిన్నె పెడతాం, పొయ్యి మీది నుంచి దించిన కుక్కరును ఉంచుతాం. మూడు పూటలా ఆహారాన్ని తాకే ఆ గట్టు కూడా ఒక విధంగా పాత్రయే. ఏ పదార్థాన్ని ఏ పాత్రలో ఉంచాలో శ్రద్ధగా విచారించిన శాస్త్రం ఆయుర్వేదం. ఆ దృష్టితో చూసినప్పుడు, మనకు చిరపరిచితమైన ఒక మెత్తని రాయి ప్రత్యేకంగా కనిపిస్తుంది. అదే బలపపు రాయి. దీనినే కొందరు సబ్బురాయి అంటారు.

పలక మీద అక్షరాలు దిద్దిన ప్రతివారి చేతిలోనూ బలపం ఉండేది. మన పెద్దల వంటింట్లో రాచిప్ప ఉండేది. పప్పుచారు, పులుసు, చింతపండు నానబెట్టడం, పెరుగు తోడుపెట్టడం - ఇవన్నీ రాచిప్పలోనే జరిగేవి. ఈ జాతి రాతినే పెద్ద పలకలుగా కోసి అమెరికాలోను, ఐరోపాలోను వంటింటి గట్లకు, సింకులకు, పొయ్యిలకు వందేళ్లకు పైగా వాడుతున్నారు. ఇటీవల మన నగరాలలో కూడా దీనిని గురించి విచారించేవారు కనిపిస్తున్నారు. అందువల్ల ఈ రాయి ఎలా పుడుతుంది, ఎన్ని రకాలు, దేనిని తీసుకోవచ్చు, ఎక్కడ జాగ్రత్త పడాలి అనే విషయాలను వివరంగా తెలుసుకుందాం.

పేర్లలోనే గుణం

ఈ రాతికి ఏ దేశంలో పేరు పెట్టినా దాని మెత్తదనాన్ని చూసే పెట్టారు. కన్నడిగులు దీనిని బళపద కల్లు అంటారు. తమిళులు మాక్కల్ అంటారు, దానితో చేసిన పాత్రను కల్‌చట్టి అంటారు. హిందీలో సేల్‌ఖడీ, ఘియా పత్థర్ అనే పేర్లున్నాయి. బ్రెజిల్ ప్రజలు తమ పోర్చుగీసు భాషలో దీనిని సబ్బురాయి అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. ఫిన్లాండు వారి భాషలో దీని పేరుకు చెక్కుకొనే రాయి అని అర్థం. మన రసశాస్త్రంలో దీని తెల్లని మెత్తని రకానికి దుగ్ధపాషాణం అని పేరు. పాలవంటి రాయి అని దాని భావం.

ఈ రాతికి మెత్తదనం టాల్క్ అనే ఖనిజం వల్ల వస్తుంది. ఇది మెగ్నీషియం, సిలికా, నీరు కలిసి ఏర్పడిన పదార్థం. ముఖానికి రాసుకొనే టాల్కం పౌడరులో ఉండేదీ ఇదే. ఖనిజాల గట్టిదనాన్ని కొలవడానికి 1812లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ మోహ్స్ ఒక కొలమానాన్ని రూపొందించాడు. అందులో వజ్రానిది పదవ స్థానం, టాల్క్‌ది మొదటి స్థానం. అంటే అన్నిటికంటె మెత్తనిది. మన గోరు గట్టిదనం ఆ కొలమానంలో సుమారు రెండున్నర. అందుకే స్వచ్ఛమైన బలపపు రాతిని గోటితో గీయవచ్చు.

ఈ ఖనిజం నిర్మాణం పూతరేకుల దొంతర వంటిది. ఒక్కొక్క పొర తనలో తాను గట్టిగా ఉంటుంది. కాని పొరకూ పొరకూ మధ్య బంధం చాలా బలహీనం. వేలితో రాస్తే పొరలు జారిపోతాయి. చేతికి సబ్బు తగిలినట్లుండడానికి ఇదే కారణం. అయితే విచిత్రమేమిటంటే, ఇంత మెత్తని ఈ ఖనిజం పులుపుకు లొంగదు, వంటింటి వేడికి చెదరదు, నీటిని పీల్చుకోదు. వంటింటికి కావలసిన గుణాలు ఇవే కదా!

భూగర్భంలో రెండు పుట్టుకలు

బలపపు రాయి నేరుగా పుట్టినది కాదు. మరొక రాయి మారి ఇదిగా అయినది. ఆ మార్పు ముఖ్యంగా రెండు విధాలుగా జరుగుతుంది.

మొదటి విధం: భూమి లోతులలో ఇనుము, మెగ్నీషియం సమృద్ధిగా ఉండే నల్లని బరువైన శిలలుంటాయి. భూమి కదలికల వల్ల అవి పైకి వచ్చినప్పుడు వేడినీరు, బొగ్గుపులుసు వాయువు వాటిలో చొరబడతాయి. చాలా కాలానికి ఆ శిల మొదట పాము చర్మం వంటి పచ్చని సర్పెంటైన్‌గాను, తరువాత టాల్క్‌గాను మారుతుంది. ఈ విధంగా పుట్టిన రాతిలో టాల్క్‌తో పాటు మాగ్నసైట్, క్లోరైట్ మొదలైన ఇతర ఖనిజాలు కూడా ఉంటాయి. అందువల్ల ఇది బూడిద రంగులోనో, ఆకుపచ్చ కలిసిన నలుపులోనో కనిపిస్తుంది, కొంత గట్టిగా ఉంటుంది. గట్లకు, పొయ్యిలకు వాడే పెద్ద పలకలు ఎక్కువగా ఈ జాతివే.

రెండవ విధం: మెగ్నీషియం గల సున్నపురాయిని డోలమైట్ అంటారు. కరిగిన శిలాద్రవం దాని పొరల మధ్యకు చొచ్చుకొని వచ్చినప్పుడు ఆ వేడికి, సిలికా గల వేడినీటికి డోలమైట్ మారి టాల్క్ ఏర్పడుతుంది. ఇందులో ఇనుము తక్కువ. అందుకని తెల్లగా, పాలరంగులో, చాలా మెత్తగా ఉంటుంది. ఇది పొడికీ, బలపాలకూ, చిన్న చెక్కడాలకూ అనువైనది. గట్టుకు పనికిరాదు.

ఈ రెండవ పుట్టుక మన ఆంధ్ర ప్రాంతంలోనే కనిపిస్తుంది. కడప శిలాశ్రేణిలోని వేంపల్లె డోలమైట్‌లోకి నల్లని శిలాద్రవం చొచ్చుకొని రావడం వల్ల నంద్యాల జిల్లా బేతంచెర్ల సమీపంలోని ముద్దవరంలోను, అనంతపురం జిల్లా తాడిపత్రి ప్రాంతంలోను బలపపు రాయి ఏర్పడింది. అదే శిలాశ్రేణిలో, అదే కారణం చేత పులివెందుల వైపు రాతినార, అంటే ఆస్బెస్టాస్ ఏర్పడింది. ఒకే తల్లికి పుట్టిన ఇద్దరు బిడ్డల వంటివి ఇవి. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. ఆరోగ్యం విషయంలో దీని ప్రస్తావన మళ్లీ వస్తుంది.

సుశ్రుతుడు చెప్పిన రాతి పాత్ర

సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 46వ అధ్యాయం అన్నపానాలకు సంబంధించినది. ఏ ఆహారాన్ని ఏ పాత్రలో వడ్డించాలో అందులో చెప్పబడింది. నేతిని ఇనుప పాత్రలోను, నీటిని రాగి పాత్రలోను ఇవ్వాలని చెబుతూ, పుల్లని మజ్జిగ వంటకాలను, ఖడాలను రాతి పాత్రలలో వడ్డించాలని సుశ్రుతాచార్యుడు నిర్దేశించాడు. ఖడం అంటే మజ్జిగలో వెలగపండు, పులిచింతాకు, మిరియాలు, జీలకర్ర మొదలైనవి చేర్చి వండేది. మన మజ్జిగపులుసుకు పూర్వరూపం అనుకోవచ్చు.

పుల్లని పదార్థానికి రాతి పాత్రనే ఎందుకు చెప్పారు? రాగి, ఇత్తడి పాత్రలలో పులుపు ఉంచితే లోహం కరిగి కిలుము పడుతుందని, ఆహారం విషతుల్యమవుతుందని మనకు తెలుసు. అందుకే ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించేవారు. ఇనుప మూకుడులో చింతపండు ఉడికిస్తే నల్లబడుతుంది. టాల్క్ మాత్రం పులుపుతో కలవదు. ఆధునిక రసాయన ప్రయోగశాలలలో ఆమ్లాలు ఒలికే బల్లలకు, తొట్లకు ఈ రాతినే చాలాకాలం వాడారు. పులుసుకు రాచిప్ప అని మన అమ్మమ్మలు పాటించిన నియమానికీ, ప్రయోగశాల బల్లకూ కారణం ఒక్కటే.

ఇదే సమయంలో మన శాస్త్రం మరొక భేదాన్ని కూడా గుర్తించింది. ఔషధాలు నూరే కల్వానికి ఎటువంటి రాయి కావాలో రసరత్న సముచ్చయం చెబుతుంది. ఆ రాయి నీలంగానో నల్లగానో ఉండాలి, నున్నగా, దృఢంగా, బరువుగా ఉండాలి. మెత్తని రాతిలో మందు నూరితే రాయే అరిగి మందులో కలుస్తుంది. కనుక నిలవ ఉంచడానికీ వండడానికీ ఒక రాయి, నూరడానికీ దంచడానికీ మరొక రాయి. గట్టు రాయిని ఎంచుకొనేవారికి ఈ వివేకమే ముఖ్యం.

దేశదేశాల రకాలు

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, స్కైలర్ అనే ఊరి పరిసరాలలో ఆల్బరీన్ అనే పేరుగల రాయి దొరుకుతుంది. 19వ శతాబ్ది చివరి నుంచి అక్కడి క్వారీల రాయి పాఠశాలల ప్రయోగశాల బల్లలకు, ఇళ్ల సింకులకు ప్రసిద్ధి పొందింది. ఇది నీలం కలిసిన బూడిద రంగులో, ఈ జాతిలో గట్టిదిగా ఉంటుంది. ఆ దేశపు ఆదివాసులు వేల సంవత్సరాల క్రితమే ఈ రాతితో వంట పాత్రలు చెక్కుకొన్నారు.

ఫిన్లాండు తూర్పు భాగంలోని యూకా ప్రాంతపు రాతిలో టాల్క్‌తో పాటు మాగ్నసైట్ ఎక్కువ. ఇది వేడిని బాగా పట్టి ఉంచి నెమ్మదిగా విడుస్తుంది. ఆ చలి దేశంలో దీనితో ఇళ్లలో పెద్ద పొయ్యిలు కడతారు. కొద్ది గంటలు కట్టెలు మండిస్తే రాత్రంతా గది వెచ్చగా ఉంటుంది. పొరుగున ఉన్న నార్వేలో ట్రాన్‌హైమ్ నగరపు నిదారోస్ ప్రధాన దేవాలయాన్ని 1070లో ప్రారంభించి ఎక్కువగా ఈ రాతితోనే కట్టారు.

బ్రెజిల్‌లోని మినాస్ జెరాయిస్ రాష్ట్రం ఈ రాతికి మరొక పుట్టిల్లు. ప్రపంచ విపణిలో గట్లకు వచ్చే పలకలలో చాలా భాగం అక్కడివే. నల్లని నేల మీద తెల్లని తీగల వంటి చారలు గలవి, పచ్చనివి, బూడిద రంగువి ఇలా అనేక రకాలున్నాయి. అక్కడి కొంగోన్యాస్ పట్టణంలో అలెయిజాదిన్యో అనే శిల్పి 1800-1805 మధ్య చెక్కిన పన్నెండు ప్రవక్తల విగ్రహాలు ఈ రాతివే. రియో నగరంలో కొండ మీద 1931లో నిలిపిన క్రీస్తు మహావిగ్రహానికి పై తొడుగు కూడా ఈ రాతి చిన్న పలకలతో అతికినదే. ఎండవానలకు ఈ రాయి ఎంత నిలుస్తుందో దీనిని బట్టి తెలుస్తుంది.

ఇక మన దేశం. రాజస్థాన్‌లోని ఉదయపూర్, డుంగర్‌పూర్, రాజ్‌సమంద్ ప్రాంతాలు బలపపు రాతి ఉత్పత్తిలో అగ్రస్థానంలో ఉన్నాయి. అక్కడి తెల్లని రాయి చాలావరకు పొడి చేయబడి కాగితం, రంగులు, సౌందర్య సాధనాల పరిశ్రమలకు పోతుంది. కర్ణాటకలో హొయసల రాజులు బేలూరు, హళేబీడు దేవాలయాలను ఈ జాతి రాతితోనే నిర్మించారు. బేలూరు చెన్నకేశవాలయ నిర్మాణం 1117లో ప్రారంభమైంది. అది క్లోరైట్ ఎక్కువగా గల రకం. తవ్వినప్పుడు మెత్తగా ఉండి ఉలికి లొంగుతుంది, గాలి తగిలిన కొద్దీ గట్టిపడుతుందని శిల్పులు చెబుతారు. తొమ్మిది వందల ఏళ్ల తరువాత కూడా ఆ మదనికల నగల పూసలు విడివిడిగా లెక్కపెట్టవచ్చు. 2023లో ఈ ఆలయాలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. తమిళనాడులోని సేలం ప్రాంతం కల్‌చట్టీలకు పేరుపొందింది. మన నేలలోని ముద్దవరం, తాడిపత్రి రాయి ముందు చెప్పినట్లు తెల్లని మెత్తని రకం.

మరింత వెనుకకు పోతే, సింధు నాగరికత ముద్రికలు అత్యధికం ఈ రాతివే. మెత్తగా ఉన్నప్పుడు జంతువుల బొమ్మలు, లిపి సన్నగా చెక్కి, తరువాత ఆవంలో కాల్చేవారు. అధిక తాపంలో టాల్క్ తనలోని నీటిని కోల్పోయి గట్టి ఖనిజంగా మారుతుంది. నాలుగు వేల ఏళ్లకు పైబడినా ఆ గీతలు చెరగకపోవడానికి ఆ కాల్పు కూడా కారణం.

ఇతర గట్టు రాళ్లతో పోలిక

మన ఇళ్లలో విరివిగా కనిపించే నల్లని కడప రాయి సున్నపురాతి జాతి. పాలరాయి కూడా అంతే. నిమ్మరసం, చింతపండు రసం, పెరుగు పడి కొంతసేపు ఉంటే ఆ చోట మెరుపు పోయి తెల్లని మచ్చ ఏర్పడుతుంది. అది మురికి కాదు. రాయే కొంత కరిగింది. గ్రానైట్ పులుపును బాగా తట్టుకొంటుంది, గీతలు పడదు. కాని సన్నని రంధ్రాల ద్వారా నూనె, పసుపు లోపలికి దిగకుండా కొన్ని రకాలకు పైపూత అవసరమవుతుంది. బలపపు రాయి పులుపుకు మాయదు, నూనె నీరు ఇంకించుకోదు, పైపూత అవసరం లేదు. మరుగుతున్న కుక్కరును నేరుగా దించినా బీటలు వారదు.

దీని లోపం ఒక్కటే, కాని అది చిన్నది కాదు. గీతలు పడుతుంది, అంచులు చిట్లుతాయి. కత్తితో నేరుగా దాని మీద తరిగే అలవాటు, గట్టు అంచుకు కొబ్బరికాయ కొట్టే అలవాటు, అల్లం వెల్లుల్లి అక్కడే నలగగొట్టే అలవాటు ఉన్న ఇంటికి ఇది తగదు. గీత పడినా సన్నని ఉప్పుకాగితంతో రుద్దితే పోతుంది. గ్రానైట్ చిట్లితే ఇంట్లో బాగుచేసుకోలేము, దీనిని చేసుకోవచ్చు. అద్దంలా మెరవాలని కోరేవారు కూడా దీనిని తీసుకోకూడదు. దీనిది నునుపే కాని మెరుపు కాదు.

బరువు కూడా ఆలోచించాలి. 30 మిల్లీమీటర్ల మందం గల పలక చదరపు అడుగుకు సుమారు 8 కిలోలు తూగుతుంది. 10 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గల గట్టు అంటే 160 కిలోలు. కింద ఆధారం గట్టిగా ఉండాలి. అంచులు త్వరగా చిట్లకుండా ఉండాలంటే పలుచని పలక కంటె ఈ మందమే మేలు.

కొనేముందు ఇంట్లోనే చేసుకోదగిన పరీక్షలు

అంగట్లో ఈ పేరుతో అనేక రాళ్లు అమ్ముతారు. కనుక చిన్న ముక్క ఒకటి అడిగి తెచ్చుకొని ఈ పరీక్షలు చేయండి.

1. స్పర్శ: పొడి చేతితో రాస్తే సబ్బు ముట్టుకొన్నట్లు జారుడుగా ఉండాలి.

2. గోరు, చాకు: గోటితో గీస్తే సులువుగా గీత పడితే అది మరీ మెత్తనిది, గట్టుకు పనికిరాదు. గోటికి లొంగక చాకు మొనకు లొంగితే తగిన రకం. చాకుకు కూడా లొంగకపోతే అది బలపపు రాయి కాదు.

3. నిమ్మకాయ: నూనె పూయని ముక్క మీద నిమ్మచెక్కను బోర్లించి రాత్రంతా ఉంచండి. ఉదయం కడిగి ఆరిన తరువాత మచ్చ కనిపించకూడదు. తెల్లని చారల మీద మాత్రమే మచ్చ పడితే ఆ చారలు సున్నపు జాతివని అర్థం. అటువంటి చారలు తక్కువగా ఉన్న పలకను ఎంచుకోండి.

4. నీరు: నాలుగు చుక్కల నీరు వేసి పావుగంట తరువాత తుడవండి. తడి లోపలికి దిగి నల్లగా నిలిచిపోతే అది వేరొక రాయి.

5. వేడి: మరుగుతున్న నీళ్ల గిన్నెను ముక్క మీద పెట్టండి. బీటలు, పొరలు లేవడం కనిపించకూడదు.

ముక్క ఏ పలక నుంచి తీశారో ఆ పలకనే కొనాలి. ఒకే గనిలో కూడా పొరపొరకూ గట్టిదనం మారుతుంది.

సంరక్షణ విధానం

రోజూ మామూలు సబ్బునీటితో తుడిస్తే చాలు. కొత్త రాయి లేత బూడిద రంగులో ఉంటుంది. నూనె, తడి చేతులు తగిలిన చోట నల్లబడుతూ మచ్చలుగా కనిపిస్తుంది. రంగు అంతటా సమంగా ఉండాలంటే మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారఫిన్‌ను పలుచగా పూసి, అరగంట తరువాత పొడిగుడ్డతో తుడవాలి. మొదటి కొద్ది నెలలు నెలకొకసారి చేస్తే తరువాత అరుదుగా చేసినా చాలు. తేనెమైనం కలిపి పూసినా బాగుంటుంది. నువ్వులనూనె, కొబ్బరినూనె వంటివి గట్టుకు పూయకండి. అవి కొంతకాలానికి జిగురై ముక్కవాసన వేస్తాయి. అసలు ఏమీ పూయకుండా వదిలేసినా రాతికి హాని లేదు. నూనె రంగు కోసమే కాని రక్షణ కోసం కాదు.

రాచిప్ప విషయంలో విధానం వేరు. కొత్త రాచిప్పను వెంటనే పొయ్యి మీద పెట్టకూడదు. బియ్యం కడిగిన నీళ్లలో గాని, గంజిలో గాని కొన్ని రోజులు నానబెట్టి, రోజూ ఆ నీటిని మార్చాలి. తరువాత పసుపు కలిపిన ఆముదమో నువ్వులనూనెయో పట్టించి ఎండలో ఉంచాలి. కడిగి, గంజి పోసి సన్నని సెగ మీద నెమ్మదిగా మరిగించాలి. ఆ పైన వాడకానికి సిద్ధమవుతుంది. వేడి రాచిప్పలో చన్నీళ్లు పోయరాదు, ఖాళీగా పెద్ద మంట మీద ఉంచరాదు. పులుసు పూర్తిగా ఉడకక ముందే దించాలి. రాతిలోని వేడికి మిగిలినది దానంతట అదే ఉడుకుతుంది. వంటగ్యాసు కూడా ఆదా అవుతుంది.

రాయి మంచిదే, ధూళి మంచిది కాదు

గట్టుగా కుదిరి ఉన్న బలపపు రాయి వల్ల వంట చేసేవారికి భయం లేదు. భయమంతా దానిని కోసేటప్పుడు, రుద్దేటప్పుడు లేచే ధూళితోనే. ముందు చెప్పినట్లు బలపపు రాయి, రాతినార ఒకే విధమైన శిలలలో పుడతాయి. కొన్ని చోట్ల టాల్క్‌లో నారవంటి ఖనిజాలు కలిసి ఉంటాయి. ఆ నార ఊపిరితిత్తులలో చేరితే అనేక సంవత్సరాల తరువాత కూడా క్యాన్సర్ కలిగించగలదు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, నార కలవని టాల్క్‌ను కూడా మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో చేర్చింది. పసిపిల్లలకు పౌడరు దట్టించే అలవాటు మానుకోవడం మంచిదనడానికి కూడా ఈ ధూళియే కారణం.

రాతిధూళి ఎంత ప్రమాదమో మన దేశం ఇంతకుముందే చూసింది. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పిల్లలకు బలపాలు కోసే పరిశ్రమ ఉండేది. అక్కడి బలపాలు బలపపు రాతివి కావు, సిలికా ఎక్కువగా గల పలకరాతివి. ఆ ధూళి పీల్చిన కార్మికులు చిన్న వయసులోనే సిలికోసిస్ వ్యాధి పాలయ్యారు. ఇప్పుడు అదే వ్యాధి, యంత్రాలతో తయారయ్యే క్వార్ట్జ్ గట్టు పలకలను కోసే పనివారిలో అనేక దేశాలలో కనిపిస్తున్నది. ఆ కారణంగా ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి అటువంటి పలకలను నిషేధించింది. బలపపు రాతిలో విడి సిలికా సాధారణంగా తక్కువే అయినా ధూళి ధూళియే.

కనుక గట్టు పలకను సింకుకు, కుళాయికి కావలసిన రంధ్రాలతో సహా బయటనే కోయించి తెప్పించండి. ఇంట్లో కోయక తప్పకపోతే నీళ్లు పోస్తూ తడిగా కోయమనండి. మేస్త్రి ముక్కుకు తువ్వాలు చుట్టుకొంటే సరిపోదు. సన్నని ధూళిని ఆపే ఎన్95 వంటి ముసుగు మీరే కొని ఇవ్వండి. దాని ఖరీదు మొత్తం పనిలో లెక్కలోనికి రాదు. పిల్లలను, ఉబ్బసం గలవారిని ఆ రోజు ఇంట్లో ఉంచకండి. పని అయ్యాక పొడి చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడవండి. గీతలు పోగొట్టుకొనేటప్పుడు కూడా ఉప్పుకాగితాన్ని తడిపి రుద్దాలే కాని పొడిగా రుద్దరాదు.

బలపం కడుపులోకి పోకూడదు

ఈ రాతిని గురించి చెప్పేటప్పుడు ఇంటింటా ఉన్న మరొక అలవాటును విడిచిపెట్టలేము. పిల్లలు, ఆడపిల్లలు, గర్భిణులు బలపాలు తింటారు. తల్లులు కోప్పడి దాచేస్తారు. కాని అది కేవలం చెడు అలవాటు కాదు. ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు మట్టి, సుద్ద, బలపం, పచ్చిబియ్యం వంటివి తినాలనే కోరిక పుట్టడం వైద్యులకు బాగా తెలిసిన లక్షణం. చరకాచార్యుడు పాండురోగాన్ని ఐదు విధాలుగా చెబుతూ మట్టి తినడం వల్ల కలిగే పాండువును ప్రత్యేకంగా పేర్కొన్నాడు. రక్తహీనతకూ మట్టి తినడానికీ గల సంబంధాన్ని మన వారు ఎంత కాలం కిందటే గమనించారో చూడండి. బలపం తినేవారిని తిట్టకండి. రక్తపరీక్ష చేయించి, వైద్యుని సలహాతో చికిత్స ఇప్పించండి. ఇనుము లోపమే కారణమైతే, అది తీరాక ఆ కోరిక సాధారణంగా తగ్గిపోతుంది.

దుగ్ధపాషాణం ఔషధంగా గ్రంథాలలో ఉన్నది కదా, యునానీలో సంగ్‌జరాహత్ పేరుతో వాడతారు కదా అని కొందరు అంటారు. అది శోధన చేసిన ద్రవ్యం, మోతాదు వైద్యుడు నిర్ణయించేది. అంగడిలోని బలపాన్ని పొడిచేసి మందుగా తీసుకోవడం ఎంతమాత్రం తగదు.

మనకు తెలియకుండా ఈ రాయి కడుపులోకి పోయే మార్గం మరొకటి ఉంది. ఇంగువలో బలపపు రాతి పొడిని కల్తీ చేస్తారు. కొద్దిగా ఇంగువపొడిని గ్లాసు నీళ్లలో వేసి బాగా కలిపి కదలకుండా ఉంచండి. రాతిపొడి ఉంటే అడుగున మడ్డిలా పేరుకొంటుంది. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ గృహిణుల కోసం సూచించిన సులభ పరీక్ష ఇది.

ఎవరికి తగును?

పులుపు వంటలు ఎక్కువగా చేసేవారికి, వేడి గిన్నెలను గట్టు మీదనే దించేవారికి, నెలకొకసారి నూనె గుడ్డతో తుడిచే ఓపిక గలవారికి బలపపు రాతి గట్టు చక్కగా ఉపకరిస్తుంది. కత్తి, రోకలి గట్టు మీదనే ఆడించే ఇంటికి గ్రానైటే మేలు. రెండూ కావాలనుకొంటే సింకు వైపు, పులుపు పనులు చేసే వైపు బలపపు రాయిని, తరిగే వైపు గ్రానైట్‌ను వేయించుకోవచ్చు. గట్టంతా మార్చే స్తోమత లేనివారు, ఆ ఉద్దేశం లేనివారు ఒక్క రాచిప్ప కొనుక్కున్నా చాలు. పులుపుకు రాతి పాత్ర అనే సుశ్రుతుని నియమం ఆ ఇంట్లో నిలిచినట్లే.